తప్పు చెప్పినవాళ్ళకే రెండో గరిటె

మా అక్కయ్య రాజేశ్వరి మూడు నెలల కిందట ఒక గురువారం ఉదయం టెక్సాసు రాష్ట్రం ప్లేనోలోని స్వగృహంలో కన్నుమూసింది. ఆ వార్త ఫోనులో చెప్పింది సూర్యం బావగారు. "చిట్టీ, మీ అక్కయ్య ఇక లేదమ్మా" అన్నారు, అంతే. నా నోట్లోంచి వచ్చిన మొదటి ప్రశ్న ఏమిటో చెబితే మీరు నన్ను తిట్టుకుంటారు. "పోయేముందు ఎవర్నైనా ఏమైనా అందా బావగారూ?" అని అడిగాను. "లేదమ్మా, ఎవర్నీ ఏమీ అనలేదు" అన్నారు. అప్పుడు భోరుమని ఏడ్చాను. మా అక్కయ్య ఎవరినీ ఏమీ అనకుండా ఒక పూట గడిపిందంటే ఆమె నిజంగానే పోయి ఉండాలి.

మన సంఘం పత్రికవారు "ఆవిడ సౌజన్యాన్ని గురించి ఒక వ్యాసం రాసి ఇవ్వండి" అని కోరారు. అంత్యక్రియల రోజున పంచిన కాగితంలో అప్పటికే ఆమెను సౌమ్యమూర్తి, అన్నపూర్ణ, అజాతశత్రువు అని అచ్చు వేశారు. అజాతశత్రువట! ఈ ఊళ్ళో ఆమెతో మాట్లాడేవాళ్ళకంటే మాట్లాడడం మానేసినవాళ్ళే ఎక్కువ. అన్నపూర్ణ అన్నది మాత్రం సగం నిజం. వండేది, కాని అందరికీ పెట్టేది కాదు. వీటన్నిటినీ సహించవచ్చు. నాకు ఒళ్ళు మండించిన సంగతి వేరే ఉంది. బావగారి మాట వల్లే ఆమె కుంగిపోయి ప్రాణం విడిచిందని, ఆ శనివారం ఆయన నోరు మూసుకుని ఉంటే మరికొన్నాళ్ళు బతికేదని, ఇండియన్ షాపులో కందిపప్పు పొట్లాలు చేత్తో పట్టుకుని మన ఆడవాళ్ళు చెప్పుకుంటున్నారు. ఆ నిందను కడగడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. ఆయన ఏమన్నారో, ఎందుకన్నారో, అది విని ఆమె ఏం చేసిందో ఎదురుగా కూర్చుని చూసినదాన్ని.

అక్కయ్య కీర్తికి మూలం ఆమె చేసే చిలీ. ఈ వ్యాసం ఇండియాకి కూడా వెళుతుంది కనుక చెబుతున్నాను. టెక్సాసులో చిలీ అంటే ఉత్త మిరపకాయ కాదు. ఎండుమిరపకాయల ముద్దలో మాంసం వేసి పొద్దుటినుంచి సాయంత్రం దాకా సన్నసెగ మీద మగ్గబెట్టిన కూర. డెబ్భైల చివర్లో వాళ్ళు ప్లేనోలో ఇల్లు కొనుక్కున్న కొత్తలో పక్కింటి డోరతీ అనే ముసలావిడ నేర్పింది. నేర్పిన ఏడాదికే అక్కయ్య ఆ ముసలావిడతో "నీ చిలీలో నీళ్ళెక్కువ" అని, ఆమె రాకపోకలు మానేసేదాకా ఊరుకోలేదు. డాలస్‌లో ఒక మెక్సికన్ కసాయి దగ్గర మేకమాంసం తెచ్చేది. నల్లగా, వెడల్పుగా, ఎండుద్రాక్ష వాసన వేసే అక్కడి మిరపకాయల్లో సూట్‌కేసులో దాచి తెచ్చుకున్న గుంటూరు కాయలు కలిపేది. వాటిని వేయించి, నానబెట్టి, మెత్తగా రుబ్బి, మాంసం ముక్కలు కొద్దికొద్దిగా ఎర్రగా వేపి, మూతున్న బరువైన ఇనపగిన్నెలోకి ఎత్తేది. ఇక ఆ రోజంతా పొయ్యి దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడమే. "కుతకుత ఉడికితే అది చిలీ కాదే, బట్టలు ఉడకేసినట్టు. ఒక బుడగ వచ్చి పగలాలి. రెండోది రావాలా వద్దా అని ఆలోచించాలి" అనేది. రాజ్మా గింజలు వేసేవాళ్ళ పేరెత్తితే ఆమె ముఖం చూడాలి. ఆ చిలీ రుచి గురించి మాత్రం నేను అబద్ధం చెప్పను. తిన్నవాళ్ళు ఇంటికి వెళ్ళి తమ వంట తినలేకపోయేవాళ్ళు.

కాని తినడానికి ఒక నియమం ఉండేది. శనివారం సాయంత్రం అందరికీ మొదట ఒకే గరిటె వడ్డించేది. తిన్నాక గరిటె చేత్తో పట్టుకుని నిలబడి, "ఊఁ, తప్పు చెప్పండి" అనేది. "బాగుంది" అన్నవాళ్ళకు రెండో గరిటె లేదు. లేని తప్పు చెప్పినవాళ్ళకూ లేదు. ఉన్న తప్పు పట్టుకున్నవాళ్ళకే రెండో గరిటె. వెల్లుల్లి ఒక్క రవ్వ ముందు వేశావనో, మాంసం ఇంకో అరగంట ఉండాల్సిందనో అంటే ఆమె కళ్ళు మెరిసేవి. అంతటితో అయిపోదు. వడ్డిస్తూ వడ్డిస్తూ, తీసుకున్నవాడి తప్పు ఒకటి ఆమె చెప్పేది. అది కూరలో తప్పు కాదు, మనిషిలో తప్పు. ఆమె ఆసుపత్రి ల్యాబులో పనిచేసేది. మైక్రోస్కోపులో చూసి రోగం ఉందో లేదో తేల్చడం వృత్తి. "స్లైడు చూసి బాగుంది అని రాయం చిట్టీ. ఉందా, లేదా? అంతే. బాగుంది అనేది తప్పించుకునే మాట" అనేది. ఆ న్యాయాన్ని ఆమె ఆసుపత్రిలోనే వదిలి వచ్చి ఉంటే మేమంతా సుఖంగా ఉండేవాళ్ళం.

ఒక శనివారం ఇండియా నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చిన కుర్రాణ్ణి బావగారు భోజనానికి పిలిచారు. పేరు చెప్పను, ఇప్పుడు పెద్ద హోదాలో ఉన్నాడు. ఇంటి తిండికి ముఖం వాచి ఉన్నాడు పాపం. "అక్కయ్యగారూ, కొంచెం రైస్, పెరుగూ ఉంటాయాండీ?" అన్నాడు. అక్కయ్య రెండూ తెచ్చి పెట్టింది. అతను చిలీని అన్నంలో పోసుకుని, దాని మీద పెరుగు గుమ్మరించుకుని, గులాబీరంగు వచ్చేదాకా పిసికి కలుపుకున్నాడు. బావగారు బల్ల కింద నుంచి అతని కాలు తొక్కుతూనే ఉన్నారు. "ఇప్పుడు చెప్పు నాయనా, తప్పేమిటి?" అంది అక్కయ్య. "సూపర్ అక్కయ్యగారూ! అచ్చం మన మటన్ కూరే" అన్నాడు. ఆమె అతని ముందునుంచి కంచం లాగేసింది. "పొద్దుటినుంచి పొయ్యి దగ్గర కూర్చుని చేసినదాన్ని పెరుగులో ముంచి చంపేసి మళ్ళీ సూపరా? లే. నీ అపార్ట్‌మెంట్‌కి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి పెరుగన్నం తిను." అతను హాస్యమనుకుని నవ్వాడు. ఆమె వెళ్ళి వీధి తలుపు తెరిచి పట్టుకుంది. బయట వాన. ఎంగిలి చెయ్యి కడుక్కోవడానికి సింకు చూపించింది గాని గొడుగు ఇవ్వలేదు.

పరాయివాళ్ళతోనే ఇలా ఉంటే ఇంట్లోవాళ్ళ సంగతి చెప్పాలా? నన్ను స్పాన్సర్ చేసి ఈ దేశానికి రప్పించింది ఆమే. వచ్చిన రెండో ఏడు నాకు కడుపు పోయింది. అందరూ ఓదార్చారు. నెల దాటినా నేను ఉద్యోగంలోకి వెళ్ళలేదు. ఒక శనివారం నేను బుద్ధి తక్కువై చిలీలో ఉన్న తప్పు సరిగ్గా చెప్పాను. రెండో గరిటె వేస్తూ, "నువ్వు వీళ్ళ జాలి రుచి మరిగావే. బిడ్డ పోయినందుకు కొంత ఏడుస్తున్నావు, వాళ్ళు వెళ్ళిపోతారేమోనని మిగతాది ఏడుస్తున్నావు" అంది. నేను లేచి వచ్చేశాను. సోమవారం ఆఫీసుకి వెళ్ళాను. ఆమె మేలు చేసిందని నా చేత అనిపించాలని చాలామంది ప్రయత్నించారు. అనను. ఆ మాట నేను ఇప్పటికీ క్షమించలేదు.

వాళ్ళ ఏకైక పుత్రిక లతకు పియానో ఎంతో ఇష్టంగా ఉండేది. స్కూల్లో వాయించి చప్పట్లు కొట్టించుకుని ఇంటికి వచ్చిన శనివారం, "రెండో భాగంలో భయపడ్డావు. భయపడింది వినిపించింది" అంది తల్లి. నిజమే కావచ్చు. ఆ పిల్ల మళ్ళీ పియానో మూత ఎత్తలేదు. కొన్నాళ్ళకు దాన్ని అమ్మేశారు. అక్కయ్య ఆ వస్తువు ఉన్న చోట ఒక కుర్చీ వేసింది.

ఇక బావగారు. శాంతస్వభావానికి హద్దంటూ ఒకటి ఉంటే ఆ హద్దు అవతల ఉండే మనిషి. ఏళ్ళ తరబడి శనివారం శనివారం ఆయన చెప్పే తప్పు ఒక్కటే: "ఉప్పు కాస్త ఎక్కువైందేమో రాజీ." ఉప్పు ఏనాడూ ఎక్కువ కాలేదు. ఏదో ఒకటి చెప్పి గండం గడుపుకోవడం ఆయన ఉద్దేశం. రెండో గరిటె ఆయన కంచంలో పడగా నేను చూడలేదు. "దేవుడు మీకు నాలుక ఇచ్చి నోరివ్వడం మర్చిపోయాడండీ" అనేది. ఆయన నవ్వి చిలీలోకి చేసిన కార్న్‌బ్రెడ్, అంటే మొక్కజొన్న రొట్టె, తుంచుకునేవారు. ఆయిలు ధరలు పడిపోయి టెక్సాసు అంతా ఉద్యోగాలు ఊడుతున్న రోజుల్లో ఆయనదీ ఊడింది. కాలం బాగాలేదని స్నేహితులు ధైర్యం చెబుతుంటే, అక్కయ్య వాళ్ళందరి ముందే అంది: "కాలానికేం? మీరు మీటింగుల్లో నోరు విప్పరు. నోరు లేనివాణ్ణి మొదట తీసేస్తారు. నేనైనా అదే చేసేదాన్ని." ఆయన ఆ పూట కార్న్‌బ్రెడ్ కూడా తినలేదు.

ఒక్క మాట ఆమె పక్షాన చెప్పకపోతే అన్యాయమవుతుంది. తన తప్పును కూడా ఆమె అలాగే చూసేది. ఒకసారి చుట్టాలంతా వచ్చిన రోజున ఫోనులో మాట్లాడుతూ కూర్చుని చిలీ అడుగంటనిచ్చింది. పైది తీసి పెడితే మాకెవరికీ తెలిసేది కాదు. ఆమె మూత తీసి, ఒక్కసారి వాసన చూసి, గిన్నె అంతా తీసుకెళ్ళి చెత్తలో పోసింది. "ఇవాళ వంట మనిషి దొంగ" అని, అందరికీ బ్రెడ్డు పంచి, తాను పస్తు పడుకుంది.

అలాంటి మనిషికి నాలుక కింద పుండు లేచింది. అదేమిటో డాక్టర్ల కంటే ముందే ఆమెకు తెలుసు. రేడియేషన్ ఇచ్చారు. పుండు కొంత తగ్గింది గాని రుచి పోయింది. ఉప్పూ పంచదారా ఒక్కటైపోయాయి. కాస్త కోలుకోగానే ఆమె మళ్ళీ పొయ్యి దగ్గర కుర్చీ వేసుకుంది. "నాలుక పోయిందే చిట్టీ. చెయ్యి ఉందో పోయిందో మీరు చెప్పాలి" అంది. మా అక్కయ్య తన జీవితంలో నన్ను అడిగిన సాయం అదొక్కటే.

చెయ్యి కూడా పోయింది. మొదటి శనివారం ముద్ద నోట్లో పెట్టుకోగానే అందరికీ తెలిసిపోయింది. ఉప్పు మండిపోతోంది. మిరపకాయ మాడి చేదెక్కింది. ఆస్టిన్‌లో చదువుకుంటున్న లత తల్లి జబ్బు పడ్డప్పటినుంచి శనివారం శనివారం ఇంటికి వచ్చేది. ఆ రోజు నన్ను గరాజ్‌లోకి లాక్కెళ్ళి, "పిన్నీ, ప్లీజ్, మమ్మీకి చెప్పొద్దు. షీ హ్యాజ్ నథింగ్ ఎల్స్" అని చేతులు పట్టుకుంది. బావగారు కార్ల మధ్య నిలబడి కిందికి చూస్తున్నారు. సరేనన్నాము. ఆనాటినుంచి వారానికొక ముద్దుముద్దు తప్పు వెతికి పట్టుకెళ్ళేవాళ్ళం. "జీలకర్ర ఒక్క రవ్వ తగ్గిందేమో మమ్మీ" అని లత. "మాంసం ఇంకో పది నిమిషాలు ఉండాల్సింది అక్కయ్యా" అని నేను. ఆమెకు సరిచూసుకునే దారి లేదు కనుక మా మాట నమ్మి, కళ్ళు మెరుస్తుండగా అందరికీ రెండో గరిటె వేసేది. ఆ రెండో గరిటె తినడం ఎంత నరకమో పగవాడికి కూడా చెప్పలేను. మా ఆయన శనివారం వస్తోందంటే శుక్రవారమే కడుపు పట్టుకునేవారు. జన్మలో రెండో గరిటె ఎరగని బావగారు మాత్రం ఏ తప్పూ చెప్పకుండా, మంచినీళ్ళు తాగుతూ, ఒక్క గరిటెతో లేచిపోయేవారు.

ఇలా కొన్ని నెలలు జరిగింది. ఇక ఊరంతా చెప్పుకునే ఆ శనివారం మేమంతా మా మా తప్పులు అప్పజెప్పి కంచాలు చాచాము. అక్కయ్య గరిటె గిన్నెలో పెట్టేసి బావగారి వంక తిరిగింది.

"ఏవండీ, ఉప్పు సరిగ్గా ఉన్నన్నాళ్ళూ ఎక్కువైందని నా ప్రాణం తీశారు. ఇప్పుడా మాట ఎందుకు మానేశారు?"

బావగారు చెంచా కింద పెట్టారు. "ఇప్పుడు నిజంగానే ఎక్కువైంది రాజీ. అందుకని."

"డాడీ! స్టాపిట్!" అని లత అరిచింది.

"నువ్వుండవే" అంది అక్కయ్య. "ఇంకా?"

"మాడింది. చేదుగా ఉంది. మాంసం పీచులు పీచులుగా ఉంది. కుక్క కూడా ముట్టదు."

"ఎన్నాళ్ళనుంచి?"

"నువ్వు మళ్ళీ వండడం మొదలుపెట్టినప్పట్నుంచీ."

ఊళ్ళోవాళ్ళు చెప్పుకుంటున్న ఆ మాట ఇదే. ఆ మాటలో కసి బొత్తిగా లేదని నేను ప్రమాణం చేయను. కొంచెం ఉంది. అన్నేళ్ళు మింగినవాడికి ఆ కాస్త ఉండకపోతే మనిషే కాదు. అక్కయ్య కూర్చుంది. ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. మా ముఖాలు ఒక్కొక్కటే చూసింది. ఆ చూపుకు నేను తల ఎత్తలేకపోయాను.

"బాగుంది బాగుంది అని పోయినవాళ్ళ గురించే కదే చిట్టీ అనేది? నేనింకా పోలేదు. మీరంతా కలిసి నాకు అప్పుడే పాడె కట్టేశారు."

లత వెక్కి వెక్కి ఏడుస్తోంది. అక్కయ్య దాన్ని ఓదార్చలేదు. బావగారితో, "తప్పు సరిగ్గా చెప్పారు. మీకు రెండో గరిటె పెట్టాలి. పెట్టను. ఇది తింటే మీరు నాకంటే ముందు పోతారు" అంది. గిన్నె తానే మోసుకెళ్ళి పెరట్లో చెత్తడబ్బాలో బోర్లించి వచ్చింది. చేతులు తుడుచుకుంటూ బావగారితో, "ఆఁ, మీ తప్పు చెప్పలేదు కదూ? ఇంత ఆలస్యం చేశారు" అని గదిలోకి వెళ్ళి పడుకుంది. ఆ తర్వాత ఆమె వండలేదు.

లత తండ్రితో మాట్లాడడం మానేసింది. "హీ కిల్డ్ హర్" అని నాతోనూ, అడిగినవాళ్ళతోనూ అంది. రోగం మళ్ళీ తిరగబెట్టి, కొన్ని వారాలకే అక్కయ్య పోవడంతో ఆ మాట కూతురి నోటినుంచి ఊరి నోటికి ఎక్కింది. కాని ఆ వారాల్లో జరిగింది ఊరికి తెలియదు. డాక్టరు వచ్చి వెళ్ళగానే అక్కయ్య మమ్మల్నందరినీ గదిలోంచి పొమ్మనేది. "వీళ్ళు చెప్పేది నేను నమ్మను. మీరు చెప్పండి" అని బావగారి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టుకునేది. ఇక మందు లేదని చెప్పింది ఆయనే. ఇంకెన్నాళ్ళో చెప్పిందీ ఆయనే. నొప్పి ఎంత ఉంటుందని అడిగితే, "చాలా ఉంటుంది" అన్నారు. తలుపు సందులోంచి నేను విన్నాను. అది విని ఆమె "ఊఁ" అని, హాయిగా నిద్రపోయింది. మేము ఎన్ని దిండ్లు సర్దినా రాని నిద్ర అది.

అంత్యక్రియల రోజున హాలు నిండా జనం. ఒకరి తరువాత ఒకరు లేచి ఆమె వాత్సల్యాన్ని, మృదుభాషణాన్ని కీర్తించారు. ఆనాడు వానలో వెళ్ళిపోయిన కుర్రాడు కూడా మైకు దగ్గరకు వచ్చి, "అక్కయ్యగారు ఎంత ఆప్యాయంగా వడ్డించేవారో" అని కళ్ళు తుడుచుకున్నాడు. చివరికి భర్త రెండు మాటలు చెప్పాలన్నారు. బావగారు లేచారు. ఆయన సభలో మాట్లాడగా అంతకుముందు ఎవరూ వినలేదు.

"మా ఆవిడ మంచిది కాదండీ" అన్నారు. "నా ఉద్యోగం పోతే ఓదార్చలేదు. నేను చేసిన ఒక్క పని కూడా ఎప్పుడూ మెచ్చుకోలేదు. ఆవిడతో బతకడం చాలా కష్టమండీ. ఇంకో ఇరవై ఏళ్ళు కష్టపడదామనుకున్నాను."

ఎవరో ఆయన్ని కూర్చోబెట్టబోయారు. ముందు వరసలో దూరంగా కూర్చున్న లత లేచి వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. "డాడీ కరెక్ట్ చెప్పారు" అంది తన వచ్చీరాని తెలుగులో. "నాకు మమ్మీ అంటే కోపం. చాలా కోపం. నాకు మమ్మీ కావాలి." ఆ పిల్ల ఇంగ్లీషులో చెప్పి ఉంటే ఇంకా బాగా చెప్పేదేమో గాని, ఆ తర్వాత మాట్లాడడానికి ఎవరూ లేవలేదు.

ఇలాంటి వ్యాసాల చివర పోయినవారి స్థానం ఎవరూ భర్తీ చేయలేరని రాస్తారు. భర్తీ కావాలని నాకు లేదు. అన్ని దెబ్బలు మళ్ళీ తినే ఓపిక నాకు లేదు. ఆమె ఆత్మకు శాంతి కలగాలని కూడా కోరను. అక్కడ శాంతి ఉంటే ఆమెకు తోచదు. నిన్న పెళ్ళికి వెళ్ళాలని ముస్తాబయ్యాను. కొత్త చీర. రంగు నప్పలేదని కట్టుకుంటున్నప్పుడే నాకు అనుమానంగా ఉంది. ఎలా ఉందని మా ఆయన్ని అడిగాను. ఆయన పేపరు పక్కన పెట్టి, ఎగాదిగా చూసి, "బాగుంది" అన్నారు. అక్కడే మంచం మీద కూలబడి, "అక్కయ్యా" అని ఏడ్చాను.